అరీతాను తలుచుకోవాలంటే ఆమె పియానో వినాలి

(అరీతా ఫ్రాంక్లిన్ వర్ధంతికి ఏర్పాటైన రికార్డు శ్రవణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో, తన ఇంట్లో, అమెరికా సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 76 ఏళ్లు. క్లోమగ్రంథికి వచ్చిన కణితి ఆమెను తీసుకుపోయింది. ఏటా ఈ తేదీ వచ్చేసరికి రెండు మూడు వీడియోలు మన ఫోన్లలో తిరుగుతాయి. ఒకటి 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారం నాటిది. బూడిద రంగు టోపీ, దాని మీద పెద్ద బో. రెండోది 2015 డిసెంబరులో కెనెడీ సెంటర్‌లో పాడినది. పాట మధ్యలో ఒంటి మీది బొచ్చుకోటును భుజాల మీంచి జారవిడుస్తుంది, హాలంతా లేచి నిలబడుతుంది. ఒబామా కళ్లు తుడుచుకుంటాడు.

ఆ రెండో వీడియోను ఇవాళ ఇంటికెళ్లాక మొదటి నుంచి చూడండి. అందరూ కోటు జారే చోటే కత్తిరించి పంచుకుంటారు. అంతకు ముందు ఆమె ఏం చేసిందో చూడాలి. చేతిలో పర్సుతో వచ్చింది, పర్సును పియానో మీద పెట్టింది, కూర్చుని వాయిస్తూ పాట ఎత్తుకుంది. పాట పూర్తిగా తన అదుపులోకి వచ్చాకే లేచి ముందుకు వచ్చింది. కోటు జారవిడిచే ధైర్యం ఆ పియానో దగ్గరే తయారైంది.

ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే. అరీతా అంటే గొంతు అనే అలవాటు మనకు బాగా పడిపోయింది. 'రోలింగ్ స్టోన్' పత్రిక గొప్ప గాయకుల జాబితా వేస్తే 2008లోనూ, 2023లోనూ మొదటి పేరు ఆమెదే. కాదనేవాళ్లు లేరు. కానీ ఆ గొంతు ఎక్కడ ఆగాలో, ఎక్కడ లేవాలో, ఎంతసేపు వేచి ఉండాలో నిర్ణయించింది ఆమె రెండు చేతులు. పియానో వాయించే అరీతాను వదిలేసి ఆమెను తలుచుకుంటే సగమే తలుచుకున్నట్టు.

పోయినవాళ్లను ఎలా తలుచుకోవాలన్నది కూడా ఆమె దగ్గరే నేర్చుకోవచ్చు. గాయని డైనా వాషింగ్టన్ 1963 డిసెంబరులో చనిపోయింది. అరీతా తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరున్న బాప్టిస్ట్ బోధకుడు కాబట్టి ఆయన ఇంటికి వచ్చిపోయే గాయనీగాయకుల్లో డైనా కూడా ఉండేది. 1964 మొదట్లోనే అరీతా డైనా పాటలతో ఒక ఆల్బమ్ మొత్తం పాడింది. డైనా లాగా పాడలేదు. పాటలు ఆమెవి, పాడిన తీరు తనది. 1972లో చర్చి గీతాల గాయని మహాలియా జాక్సన్ పోయినప్పుడు షికాగోలో అంత్యక్రియల సభలో 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' పాడింది. ఆ పాటను థామస్ డోర్సీ 1932లో భార్యనూ, అప్పుడే పుట్టిన బిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో కట్టాడు. మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో దాన్ని మహాలియా పాడింది. మహాలియా కోసం అరీతా పాడింది. ఆ మనుషుల మధ్య స్మరణ అంటే పాటను చేతులు మార్చుకోవడమే.

అభిమానులు కూడా ఆమె పోయినప్పుడు దాదాపు అలాగే చేశారు. డెట్రాయిట్‌లోని చార్ల్స్ రైట్ మ్యూజియంలో భౌతికకాయాన్ని దర్శనానికి ఉంచినప్పుడు జనం గంటల తరబడి వరసలో నిలబడ్డారు, నిలబడినంత సేపూ పాడుతూనే ఉన్నారు. ఆగస్టు 31న అంత్యక్రియల నాడు చర్చికి వెళ్లే దారిలో గులాబీ రంగు క్యాడిలాక్ కార్లు వందకు పైగా బారులు తీరాయి. 1985లో వచ్చిన 'ఫ్రీవే ఆఫ్ లవ్' పాటలోని కారు అది. అదే రోజు లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మారేటప్పుడు వెల్ష్ గార్డ్స్ బ్యాండు ఆమె పాట 'రెస్పెక్ట్' వాయించింది. ఇప్పటికీ వుడ్‌లాన్ శ్మశానవాటికకు వెళ్లేవాళ్లు ఉన్నారు. తండ్రి, అక్క ఎర్మా, చెల్లెలు క్యారొలిన్ ఉన్నచోటే ఆమె కూడా ఉంది. వీటన్నిటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడితో ఆపి వినే పనిలోకి వస్తాను.

వినడానికి ముందు సామాను సంగతి. ఇది చిల్లర విషయం కాదు. పియానో వినమని చెప్పి, పియానో వినపడని పెట్టెలో పాట వేస్తే ఏం లాభం?

ఫోన్ స్పీకర్లోగానీ, అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బాలోగానీ ఆమె పాట 'డాక్టర్ ఫీల్‌గుడ్' వేస్తే గొంతు బాగానే వినిపిస్తుంది. అరీతా ఎడమ చెయ్యి మాత్రం మాయమైపోతుంది. బేస్ గిటారు అడుగు తీగ కంపించేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. చిన్న స్పీకరు కోన్ అంత కిందికి దిగలేదు. పియానో ఎడమ భాగమూ, బేసూ కలిసి వేసే పునాది పోయాక పై గొంతు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు "ఎంత గట్టిగా పాడుతోందో" అనిపిస్తుంది. అరీతా అరుస్తుందనుకునేవాళ్లలో ఎక్కువమంది ఆమెను చిన్న స్పీకర్లలో విన్నవాళ్లే. మంచి స్పీకర్లు లేకపోతే తీగ ఉన్న మామూలు హెడ్‌ఫోన్ మేలు.

స్పీకర్లు రెండూ ఆరడుగుల ఎడంలో పెట్టండి. మీరు కూడా రెంటికీ ఆరేసి అడుగుల దూరంలో కూర్చోండి. మూడు మూలలూ సమానంగా ఉండాలి. స్పీకరు పైభాగంలో ఉండే చిన్న కోన్ మీ చెవి ఎత్తులో ఉండాలి. గోడకు ఆనించవద్దు, కనీసం అడుగు ఖాళీ వదలండి. ఆనిస్తే బేస్ ఉబ్బి పియానోను మింగేస్తుంది. బేస్ బూస్ట్, ఈక్వలైజర్ తీసేయండి. యాప్‌లో వింటుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాటలన్నిటినీ ఒకే శబ్దస్థాయికి తెచ్చే ఆప్షన్ ఆపేయండి.

యాప్‌లో ఇంకో చిక్కుంది. ఒకే పాట పేరు వెతికితే పది రకాలు వస్తాయి. 1967 నాటి అట్లాంటిక్ కంపెనీ రికార్డింగే కావాలి. 2017లో ఆమె పాత గొంతు ట్రాకుల కింద రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాను కొత్తగా చేర్చి ఒక ఆల్బమ్ వేశారు. పనిమంతులే చేశారు, కొందరికి నచ్చుతుంది కూడా. పియానోను వెతుక్కునే చెవికి మాత్రం ఆ వయొలిన్ల గుంపు అడ్డం. మొదటిసారి వినేవాళ్లకు అది పెట్టకండి.

రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకు. ఎల్పీ అయితే వేగం 33⅓, చిన్న సింగిల్ అయితే 45. అమెరికాలో వచ్చిన సింగిల్‌కు నడుమ బెజ్జం పెద్దది, దాదాపు అంగుళంన్నర. నడుమ పెట్టే బిళ్ల లేకపోతే రికార్డు పక్కకు జరిగి శ్రుతి ఊగుతుంది. ముల్లు బరువు కార్ట్రిడ్జి (ముల్లు బిగించే భాగం) కాగితంలో ఎంత రాస్తే అంతే పెట్టండి, మామూలు వాటికి ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది. రికార్డు అరుగుతుందని భయపడి బరువు తగ్గించేవాళ్లున్నారు. తగ్గిస్తే ముల్లు గాడిలో నిలవక ఎగురుతుంది. అరీతా గొంతు ఎత్తిన ప్రతిచోటా చర్రుమంటుంది, పైగా గాడి గోడలు అప్పుడే ఎక్కువ దెబ్బతింటాయి. ఆ రోజుల సింగిల్స్ మోనోవి. ఆంప్లిఫయర్‌కు మోనో స్విచ్ ఉంటే వేయండి. ముల్లు పైకీ కిందికీ ఆడినప్పుడు పుట్టే చప్పుడు అక్కడే రద్దయిపోతుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మనవాళ్లకు ఒక సులువుంది. 'రెస్పెక్ట్' సీ మేజర్‌లో ఉంటుంది. అంటే ఒకటి శ్రుతి. శ్రుతిపెట్టె ఒకటి మీద పెట్టి రికార్డు వేయండి. కాస్త అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. ఒకటిన్నర శ్రుతికి పోయిందంటే మాత్రం ప్లేయరు సుమారు ఆరు శాతం వేగంగా తిరుగుతోందని అర్థం. బెల్టు చూసుకోవాలి, వేగం సరిచేసే స్క్రూ తిప్పాలి.

ఇక పాటల్లోకి.

అరీతా పియానో నేర్చుకున్నది చెవితో. తల్లి బార్బరా గాస్పెల్, అంటే చర్చి భక్తి సంగీతం, పాడేది, పియానో వాయించేది. అరీతాకు పదేళ్లు నిండకముందే ఆమె పోయింది. జేమ్స్ క్లీవ్‌లాండ్ కుర్రవాడిగా తండ్రి చర్చిలో సంగీతం చూసుకునే రోజుల్లో అరీతా అతని చేతులు చూసి నేర్చుకుంది. 1956లో, 14 ఏళ్ల వయసులో, ఆ చర్చిలోనే రికార్డు చేసిన భక్తిగీతాల్లో కూడా ఆమె తనకు తానే వాయించుకుంటూ పాడింది. అంటే పాట, వాయిద్యం ఆమెకు వేర్వేరుగా ఎప్పుడూ రాలేదు.

1960లో నిర్మాత జాన్ హ్యామండ్ ఆమెను కొలంబియా రికార్డు కంపెనీకి తెచ్చాడు. ఆ కంపెనీలో ఆరేళ్లు ఉంది. ఆ ఆరేళ్లూ వృథా అని ఒక వాడుక ఉంది. నేను ఒప్పుకోను. 1961లో వచ్చిన 'వోన్ట్ బీ లాంగ్' వినండి, పియానో ఆమెదే, చేతులు అప్పటికే చర్చిలో ఉన్నట్టే ఉరుకుతాయి. ఏం జరిగిందంటే, తర్వాత్తర్వాత ఆమెను జాజ్ గాయనిగా, నాటక గీతాల గాయనిగా నిలబెట్టాలని వేరేవాళ్లు స్వరపరచిన వాద్యబృందాల ముందు నిలబెట్టారు. బృందం ముందే రాసిపెట్టిన లెక్కలో పోతుంది, ఆమె దాని మీద పాడాలి. ఆగుదామంటే ఆగడానికి లేదు.

1967 జనవరి 24. అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊరికి, రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోకు తీసుకెళ్లాడు. వాయిద్యగాళ్లు తెల్లకుర్రాళ్లు. డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, గిటార్లకు జిమ్మీ జాన్సన్, చిప్స్ మోమన్, బేస్ మీద టామీ కాగ్‌బిల్, కీబోర్డుల మీద స్పూనర్ ఓల్డమ్. అక్కడ కాగితం మీద స్వరాలు రాసుకునే పద్ధతి లేదు. అందరూ కూర్చుని పాట చుట్టూ వాయిస్తూ వాయిస్తూ దారి కనుక్కుంటారు. వెక్స్లర్ చేసిన ముఖ్యమైన పని ఒక్కటే, అరీతాను పియానో ముందు కూర్చోబెట్టడం. స్పూనర్ పక్కన వర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానోకు జరిగాడు. 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' మొదట్లో వినిపించే ఆ కుంటినడక ముక్క స్పూనర్ ఎలక్ట్రిక్ పియానోది. దాని కిందికి వచ్చి కూర్చునే అసలు పియానో అరీతాది. రెండూ విడివిడిగా గుర్తుపట్టడం నేర్చుకోండి. ఎలక్ట్రిక్ పియానో శబ్దం కాస్త గంటలా, మొనదేలి ఉంటుంది. అరీతా పియానో చెక్కలోంచి వచ్చినట్టు బరువుగా ఉంటుంది.

ఆ రోజు ఒక పాట పూర్తయింది. రెండోదానికి డ్రమ్స్, బేస్, గిటారు మాత్రమే పడ్డాయి. ఆ రాత్రే అరీతా భర్త టెడ్ వైట్‌కూ అక్కడివాళ్లకూ గొడవై, వాళ్లు తెల్లారేసరికి ఊరు వదిలారు. వెక్స్లర్ చేతిలో పాట ఒకటిన్నర. పూర్తయిన పాటను రేడియోవాళ్లకు వినిపిస్తే జనం కావాలంటున్నారు, సింగిల్ వేద్దామంటే రెండో వైపు లేదు. చివరికి న్యూయార్క్‌లో అరీతా ఆ సగం పాట టేపు తెప్పించుకుని దాని మీద పియానో వాయించింది, ఆర్గన్ వాయించింది, పాడింది, అక్కచెల్లెళ్లను పిలిచి వంత పాడించింది. అదే 'డూ రైట్ వుమన్, డూ రైట్ మ్యాన్'.

ఈ పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి గొంతును పక్కన పెట్టి పియానో, ఆర్గన్ మాత్రమే. ఒకే మనిషి రెండు వాయిద్యాలు వాయించింది కదా, ఆర్గన్ పొడుగ్గా సాగుతుంటే పియానో ఎక్కడెక్కడ చిన్నగా అడుగు వేస్తుందో చూడండి. రెండోసారి అక్కచెల్లెళ్ల గొంతులు. మూడోసారి అరీతా గొంతు. అప్పుడు తెలుస్తుంది, ఆమె ఊపిరి తీసుకునే ప్రతి ఖాళీలోకీ ఎక్కడ ఏ వాయిద్యం వస్తుందో ఆమె ముందే అనుకుని ఉంచుకుంది. చాలామంది చేసే తప్పు మొదటిసారే గొంతు వెంట పోవడం. ఆ గొంతు ఒకసారి పట్టుకుంటే ఇక దేన్నీ విననివ్వదు, అందుకే దాన్ని ఆఖరుకు వాయిదా వేయమంటున్నాను.

(ఇక్కడ పాట వినిపించారు)

'రెస్పెక్ట్' గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. రెండున్నర నిమిషాలు కూడా లేని పాట. రాసి పాడినవాడు ఓటిస్ రెడింగ్, 1965లో. మగవాడు ఇంటికొచ్చాక మర్యాద కావాలని అడిగే పాట అది. ముందు ఓటిస్‌ది వినండి, తప్పనిసరి. అందులో ఆ ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి పలకడం లేదు. వంతగాళ్లు వెనక నుంచి 'సాక్ ఇట్ టు మీ' అని కేరింతలు కొట్టడం లేదు. అవి అరీతా, చెల్లెలు క్యారొలిన్ కలిసి ఇంట్లో కట్టుకున్నవి. రికార్డింగు 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో. వాయించినవాళ్లు మళ్లీ ఆ మజిల్ షోల్స్ కుర్రాళ్లే. ఇంజనీరు టామ్ డౌడ్.

ఓటిస్ పాటకు నడుమ భాగం లేదు. అరీతా పాటలో మూడు చరణాల తర్వాత కింగ్ కర్టిస్ శాక్సఫోన్ అందుకుంటాడు. శ్రుతిపెట్టె ఇంకా మోగుతోందనుకోండి, అక్కడ ఒక్కసారిగా దానికీ పాటకూ పొసగదు. పాట ఎఫ్ షార్ప్ మైనర్‌కు వెళ్లింది. ఒకటి శ్రుతి నుంచి నాలుగున్నర శ్రుతికి. షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఎంత దూరమో అంత దూరం. పాశ్చాత్య సంగీతంలో ఇంతకంటే దూరపు దూకుడు లేదనవచ్చు. ఆ కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, శామ్ అండ్ డేవ్ పాడిన మరో పాటలోంచి తెచ్చి పెట్టినవి. ఎందుకు పని చేసిందంటే, మూడు చరణాలూ రెండు మూడు కార్డుల మధ్యే తిరిగి చెవికి అలవాటైపోతాయి. ఒక్కసారి నేల కదిలి, మళ్లీ పాత చోటికి వచ్చేసరికి నాలుగో చరణం కొత్తగా వినిపిస్తుంది. వెంటనే వాయిద్యాలు ఆగి ఆగి కొడుతుంటే ఆ అక్షరాలు పలుకుతుంది. ఆ ఆగడం లేకపోతే అక్షరాలకు ఆ పదును వచ్చేది కాదు. ఈ పాటను మనవాళ్లు స్టేజి మీద పాడేటప్పుడు శాక్సఫోన్ వాయించేవాళ్లు లేరని ఆ భాగం తీసేస్తుంటారు. తీసేయకండి. కీబోర్డు మీదైనా వాయించండి. అది లేకపోతే నాలుగో చరణం మొదటి చరణానికి నకలు అవుతుంది.

ఇదే పాట గురించి అభిమానులు తెలుసుకోవలసిన అన్యాయం ఒకటుంది. 1967లో దేశమంతటా మొదటి స్థానంలో నిలిచిన పాట, అప్పటి నుంచీ అమెరికా రేడియోలో మోగని రోజు ఉండదు. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకు, ప్రచురణకర్తకు డబ్బు వెళ్తుంది. పాడినవాళ్లకు వెళ్లదు. కాబట్టి ఆ రేడియో రాయల్టీ ఓటిస్ వైపు వెళ్లింది, అరీతాకు రాలేదు. నడుమ భాగం పెట్టించి, అక్షరాలు చేర్చి, పాట అర్థాన్నే తిప్పేసిన మనిషికి ఆ పనికి వాటా లేదు.

తాళం సంగతి. మనకు తొలి దెబ్బ మీద చప్పట్లు కొట్టే అలవాటు. గాస్పెల్, సోల్ పాటల్లో చప్పట్లు రెండు, నాలుగు దెబ్బల మీద పడాలి. ఒకటి, మూడు మీద కొడితే పాట మోకాళ్లు కట్టేసినట్టు అవుతుంది. సాధన ఇలా. ఒకటి, మూడు మీద పాదం నేలకు తాటించండి. రెండు, నాలుగు మీద చెయ్యి. మొదట పాట లేకుండా రెండు నిమిషాలు, తర్వాత పాటతో. 'డాక్టర్ ఫీల్‌గుడ్' లాంటి నిదానపు పాటల్లో ఒక్కో దెబ్బలో మూడేసి అక్షరాలుంటాయి, తిశ్ర నడక. తకిట అనుకుంటూ నాలుగు దెబ్బలు లెక్కపెట్టండి, చప్పట్లు మాత్రం రెండు, నాలుగు మీదే.

'ఐ సే ఎ లిటిల్ ప్రేయర్' దగ్గర అది కూడా తప్పుతుంది. బర్ట్ బకరాక్ కట్టిన బాణీ, ముందు డియోన్ వార్విక్ పాడింది. 1968లో అరీతా, వంత పాడే స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ గాయనులతో రిహార్సల్లో సరదాగా పాడుకుంటుంటే ఈ రూపం పుట్టింది. పల్లవిలో నాలుగు, మూడు, నాలుగు. మొత్తం 11 దెబ్బలు. ఆది తాళం వేసుకుంటూ పోతే పల్లవిలో చెయ్యి గాల్లో ఉండిపోతుంది. 11 లెక్కపెట్టి చూడండి, చక్కగా కలుస్తుంది. పల్లవిలో మాటలు ఎక్కువగా వంతవాళ్లే పాడతారు. అరీతా వాళ్ల మధ్యలోకి వచ్చి, పోయి, జవాబు చెబుతుంది. ప్రధాన గాయని పల్లవిని వంతకు ఇచ్చేసి తాను పక్కన ఉండిపోవడం ఎంత నమ్మకం ఉంటే జరుగుతుంది!

ఇక 1972 జనవరి 13, 14. లాస్ ఏంజెలెస్‌లో న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి. అప్పటికే ఆమె దేశంలో అతిపెద్ద గాయని. రెండు రాత్రులు చర్చిలో కూర్చుని పాడిన పాటలతో 'అమేజింగ్ గ్రేస్' జంట ఎల్పీ వచ్చింది. చిన్నప్పుడు ఆమె చూసి నేర్చుకున్న జేమ్స్ క్లీవ్‌లాండ్ పక్కనే ఉన్నాడు, సదర్న్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయిర్ వెనక ఉంది, అలెగ్జాండర్ హామిల్టన్ దాన్ని నడిపాడు. డ్రమ్స్ మీద బెర్నార్డ్ పర్డీ, బేస్ మీద చక్ రైనీ.

ఈ రెండు రాత్రులనూ సిడ్నీ పోలాక్ సినిమాగా తీశాడు, కానీ 46 ఏళ్లు ఎవరూ చూడలేకపోయారు. కారణం చిన్నది. కెమెరా వేరు, ధ్వని టేపు వేరు. ప్రతి షాట్ మొదట్లో క్లాప్ కొడితే, ఆ పలక కలిసిన బొమ్మనూ ఆ చప్పుడునూ పక్కపక్కన పెట్టి రెంటినీ జత చేస్తారు. అక్కడ క్లాప్ కొట్టలేదు. టేపు ఆగకుండా తిరుగుతోంది, కెమెరాలు ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఆపి తిప్పారు. గంటల కొద్దీ ఫిల్ములో ఏ ముక్క ఏ స్వరానిదో తెలియలేదు. కంప్యూటర్ ఎడిటింగ్ వచ్చాక నిర్మాత అలన్ ఎలియట్ దాన్ని పూర్తి చేయించాడు. తన అనుమతి లేకుండా చూపకూడదని అరీతా కోర్టుకు వెళ్లి ఆపించింది. ఆమె పోయాక కుటుంబం ఒప్పుకోవడంతో 2018 నవంబరులో తెర మీదికి వచ్చింది. ఆమె వద్దన్న సినిమాను చూడవచ్చా అని అభిమానుల్లో వాదన ఉంది. కుటుంబం ఒప్పుకుంది కాబట్టి చూడవచ్చుననే నా అభిప్రాయం. ఆమె వద్దన్నదన్న మాట కూడా చెప్పి చూపించాలి.

'అమేజింగ్ గ్రేస్' వరుస తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి తెలుసు. మిగతావాళ్లు ఇలా పాడుకోండి. మంద్ర పంచమం మీంచి షడ్జమానికి ఎక్కి, గ స గ, రి, స, మళ్లీ మంద్ర ధైవతం, పంచమం. స రి గ ప ధ, మోహన స్వరాలే. రాగం మోహన అనడం లేదు, నడకా ప్రయోగాలూ వేరు. స్వరాలు మన చెవికి ముందే తెలిసినవి కాబట్టి అరీతా వాటిని ఎక్కడ వంచుతుందో మనం త్వరగా పట్టుకోగలం. గాంధారం దగ్గర కాపు కాయండి. అంతర గాంధారానికీ సాధారణ గాంధారానికీ నడుమ, ఏ పియానో మెట్టు మీదా లేని చోట నిలబడుతుంది. బ్లూస్ అంతా ఆ సందులో ఉంటుంది. పియానో వాయించే మనిషి పియానోలో లేని స్వరాన్ని గొంతుతో చెప్పడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ పాట పది నిమిషాలకు పైగా సాగుతుంది. తాళం లేదు. ఒక్కో మాటను తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఊపిరి అయిపోయే దాకా నిలబెడుతుంది. మన కచేరీలో నెరవు విన్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే నెరవులో తాళం కింద నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ కోయిరూ సభా చేసే కేకలే తాళం. అందుకే ఈ పాటను తక్కువ శబ్దంలో నేపథ్యంగా పెట్టకూడదు. జనం గొంతులు వినపడకపోతే ఆమె ఎందుకు ఆగిందో, ఎందుకు మళ్లీ అదే మాట ఎత్తుకుందో అర్థం కాదు. సినిమాలో ఈ పాట మధ్యలో క్లీవ్‌లాండ్ ముఖానికి రుమాలు అడ్డుపెట్టుకుని ఏడుస్తాడు.

అదే సినిమాలో మొదట 'హోలీ హోలీ' పాటకు, చివర 'నెవర్ గ్రో ఓల్డ్' పాటకు అరీతా తానే పియానో ముందు కూర్చుంటుంది. ఆ రెండూ, మధ్యలో నిలబడి పాడినవీ పోల్చి చూడండి. నిలబడినప్పుడు సభను చూస్తూ పాడుతుంది. కూర్చున్నప్పుడు చేతులను వింటూ పాడుతుంది, మాటల మధ్య ఖాళీలు పెద్దవవుతాయి. 1972లో వచ్చిన ఎల్పీ ఎంపిక చేసి కూర్చినది. రెండు రాత్రులూ జరిగినట్టే కావాలంటే 1999లో వచ్చిన రెండు సీడీల పూర్తి రికార్డింగు తీసుకోండి.

మీ ఊళ్లో ఇలాంటి సభ పెట్టాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. గంటన్నర దాటించకండి, చెవి అలిసిపోయాక ఎంత మంచి పాటా దిగదు. ఏడెనిమిది పాటలు చాలు. నా వరస ఇది: 'వోన్ట్ బీ లాంగ్', ఆ తర్వాత 'డూ రైట్ వుమన్', ఓటిస్ 'రెస్పెక్ట్', వెంటనే అరీతా 'రెస్పెక్ట్', 'డాక్టర్ ఫీల్‌గుడ్', 'ప్రేయర్', 1971 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్ హాల్లో పాడిన 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్', ఆఖరున 'అమేజింగ్ గ్రేస్'. దాని తర్వాత ఇంకో పాట పెట్టవద్దు, నిలవదు. 1980ల పాటలు కావాలని కొందరు అడుగుతారు. అడిగితే అవి వేరే రోజు పెట్టండి. డ్రమ్ మెషిన్ల శబ్దం పక్కన ఈ పియానో పలచబడిపోతుంది. పాటకు ముందు ఒక్క నిమిషం మాట్లాడండి, పాట మీద మాట్లాడకండి. మాటలు ఇంగ్లీషులో అందనివాళ్ల కోసం భావాన్ని నాలుగు వాక్యాల్లో తెలుగులో ముందే చదివేయండి. పాట నడుస్తుండగా తెర మీద అనువాదం వేస్తే కళ్లు చదువుతాయి, చెవులు ఆగిపోతాయి. హాలు అద్దెకు తీసుకుని పదిమందిని పిలిస్తే రికార్డులు వేయడానికి లైసెన్సు కావాలి, హాలువాళ్లను ముందే అడగండి.

ఇప్పుడు ఫిల్‌మోర్ రికార్డు వేస్తున్నాం. ఇందులో ఆమె వాయించేది ఎలక్ట్రిక్ పియానో, ఆర్గన్ బిల్లీ ప్రెస్టన్‌ది. శబ్దం ఇందాకటి కంటే కాస్త పెంచుతాం, వెనక వరసల్లో ఉన్నవాళ్లు నడుమకు జరగండి. వంతవాళ్లు ముందుగా అందుకుంటారు, ఆమె ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యంలో చేతులు ఏం చేస్తున్నాయో వినండి.